మేక పొట్ట నుంచి ఎన్‌కెఫలిన్‌ను తెంచే ఎంజైమ్‌ను శుద్ధి చేస్తున్నాను. కాలమ్‌లో మూడు పీక్‌లు, జెల్‌లో బోలెడు బ్యాండ్లు ఎందుకొస్తున్నాయి?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మేక పొట్ట తెచ్చి, బఫర్‌లో గ్రైండ్ చేసి, ల్యూ-ఎన్‌కెఫలిన్ అనే పెప్టైడ్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను శుద్ధి చేద్దామనుకున్నారు. హోమోజెనేట్‌లో, అంటే ఆ రుబ్బిన ద్రావణంలో, యాక్టివిటీ బ్రహ్మాండంగా ఉంది. స్పిన్ చేసి, పైతేటకు అమోనియం సల్ఫేట్ వేసి, డీఈఏఈ కాలమ్ (ప్రోటీన్లను విద్యుదావేశాన్ని బట్టి వేరుచేసేది) ఎక్కించేసరికి యాక్టివిటీ మూడు చోట్ల పీక్‌లుగా వచ్చింది. జెల్ మీద లెక్కపెట్టలేనన్ని బ్యాండ్లు. గైడ్ గారేమో కేఎం (ఎంజైమ్ సగం వేగం అందుకునే సబ్‌స్ట్రేట్ గాఢత), పీహెచ్ ఆప్టిమమ్ అడుగుతున్నారు. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ లేదు. లోపం ఎక్కడుంది?

సూటిగా చెబుతాను. మీ కాలమ్ చక్కగా పనిచేస్తోంది. మూడు పీక్‌లు వచ్చాయంటే మీ అస్సే (యాక్టివిటీని కొలిచే పరీక్ష) మూడు వేర్వేరు ఎంజైమ్‌లను ఒకే పేరుతో లెక్కేస్తోందని అర్థం. ఏ బంధం తెగుతోందో, ఏ ఇన్హిబిటర్‌కు (ఎంజైమ్‌ను ఆపే పదార్థానికి) ఆగుతోందో ముందు తేల్చుకోండి. కాలమ్ సంగతి ఆ తర్వాత. మీకు కావలసింది బహుశా న్యూట్రల్ ఎండోపెప్టిడేజ్, ఇప్పటి పేరు నెప్రిలైసిన్, ఈసీ సంఖ్య 3.4.24.11. అది కణపు పొరలో పాతుకుని ఉండే ఎంజైమ్. డిటర్జెంట్ లేకుండా గ్రైండ్ చేసి స్పిన్ చేశారు కాబట్టి, దానిలో ఎక్కువ భాగం మీరు సింకులో పారబోసిన పెల్లెట్‌తోనే పోయింది. పైతేటలో మీకు కనిపించినదంతా చాలావరకు వేరే ఎంజైమ్‌ల పని.

ఎన్‌కెఫలిన్ ఎంత మోసం చేస్తుందో చూడండి. అది ఐదు అమైనో ఆమ్లాల గొలుసు: టైరోసిన్, గ్లైసిన్, గ్లైసిన్, ఫినైల్‌అలనిన్, ల్యూసిన్. అమైనోపెప్టిడేజ్‌లు మొదటి బంధం తెంచి టైరోసిన్‌ను ఊడదీస్తాయి. డైపెప్టిడిల్ పెప్టిడేజ్-3 రెండో బంధం తెంచి టైరోసిన్-గ్లైసిన్ జంటను ఇస్తుంది. ఇది ఎక్కువగా సైటోసాల్‌లో ఉంటుంది కాబట్టి మీ పైతేటలో తప్పక ఉండి ఉంటుంది. నెప్రిలైసిన్ మూడో బంధం, అంటే గ్లైసిన్‌కూ ఫినైల్‌అలనిన్‌కూ మధ్య తెంచుతుంది. అప్పుడు టైరోసిన్-గ్లైసిన్-గ్లైసిన్ ముక్క వస్తుంది. బీపీ మందుల వల్ల అందరికీ పేరు తెలిసిన ఏసీఈ (యాంజియోటెన్సిన్ కన్వర్టింగ్ ఎంజైమ్) కూడా సరిగ్గా అదే బంధం తెంచగలదు. ఎన్‌కెఫలిన్ తగ్గిందా లేదా అని మాత్రమే కొలిస్తే ఈ నాలుగూ మీకు ఒకటిగానే కనిపిస్తాయి.

కాబట్టి మొదటి వారం కాలమ్ మాట మరచిపోండి. హోమోజెనేట్ కొద్దిగా తీసుకుని, పెప్టైడ్ కలిపి, 37 డిగ్రీల దగ్గర ఉంచి, వేర్వేరు సమయాల్లో ఆమ్లంతో రియాక్షన్ ఆపి, సీ-18 కాలమ్ మీద 214 నానోమీటర్ల దగ్గర హెచ్‌పీఎల్‌సీ చేయండి. టైరోసిన్, టైరోసిన్-గ్లైసిన్, టైరోసిన్-గ్లైసిన్-గ్లైసిన్ స్టాండర్డ్‌లు ఎక్కడ దిగుతాయో ముందే చూసుకోండి. తర్వాత అదే ప్రయోగాన్ని ఇన్హిబిటర్లతో చేయండి. అమైనోపెప్టిడేజ్‌లను ఆపడానికి బెస్టాటిన్ లేదా అమాస్టాటిన్ 10 మైక్రోమోలార్, ఏసీఈకి కాప్టోప్రిల్ 1 మైక్రోమోలార్, నెప్రిలైసిన్‌కు ఫాస్ఫొరమిడాన్ 1 మైక్రోమోలార్. బెస్టాటిన్, కాప్టోప్రిల్ రెండూ ఉన్నా ఇంకా పుడుతూ, ఫాస్ఫొరమిడాన్ వేయగానే ఆగిపోయే టైరోసిన్-గ్లైసిన్-గ్లైసిన్ ఎంతో కొలవండి. మీ ఎంజైమ్ యూనిట్ అదే.

ఇక్కడ థయోర్ఫాన్ గురించి ఒక మాట. దీన్ని కూడా చాలామంది వాడతారు, నెప్రిలైసిన్‌ను నానోమోలార్ స్థాయిలోనే ఆపుతుంది. కానీ మోతాదు పెరిగితే ఏసీఈని కూడా పట్టుకుంటుంది. అందుకే గుర్తింపు కోసం నాకు ఫాస్ఫొరమిడాన్ మీదే నమ్మకం. దాన్నీ అవధి లేకుండా వేయకూడదు, ఎక్కువ మోతాదులో ఎండోథెలిన్ కన్వర్టింగ్ ఎంజైమ్‌ను కూడా ఆపుతుంది. పిల్లల విరేచనాలకు మన మెడికల్ షాపుల్లో దొరికే రేసికడోట్రిల్ శరీరంలోకి వెళ్లాక మారేది థయోర్ఫాన్‌గానే: పేగుల్లో ఎన్‌కెఫలిన్ త్వరగా తెగిపోకుండా ఆపి, నీరు కారడం తగ్గిస్తుంది. అలాగని సాచెట్ పొడి కలిపేసి ఇన్హిబిటర్ వేశాం అనుకోకండి. అది ఎస్టర్ రూపం. ఎస్టరేజ్ దాన్ని విడగొడితే తప్ప మందుగా మారదు. పైగా సాచెట్‌లో చక్కెర, ఫ్లేవర్ ఉంటాయి.

అసలు మీరు తెచ్చినది పొట్టలో ఏ భాగం?

ప్రశ్నలో 'మేక పొట్ట' అన్నారు, అంతే. మేక నెమరేసే జంతువు, దానికి నాలుగు గదులు. మటన్ షాపులో బోటి అడిగితే చేతికొచ్చేది ఎక్కువగా మొదటి గది, అంటే రూమెన్, లోపల టవల్ లాగా గరుకుగా ఉండేది. దాంతోపాటు పేగులు. మన పొట్టతో పోల్చదగినది, ఆమ్లం, పెప్సినోజెన్ (పెప్సిన్ పూర్వరూపం) స్రవించేది నాలుగో గది, అబోమేసమ్. లోపల నున్నగా, జారుడుగా, పొడుగు మడతలతో ఉంటుంది. దాని చివర చిన్నపేగు మొదలవుతుంది. పేగు లోపొరలో నెప్రిలైసిన్, అమైనోపెప్టిడేజ్ రెండూ దండిగా ఉంటాయి కాబట్టి పేగు ముక్క ఒక్క అంగుళం కలిసినా మీ లెక్కలన్నీ తారుమారు. షాపులో వేరు చేసిన ముక్కలు కొనకుండా, కబేళాకు తెల్లవారుజామున వెళ్లి, గదులన్నీ కలిసి ఉన్నప్పుడే చూసి, మీరే కత్తిరించుకోండి. బాగా చిన్న పిల్ల అయితే అదే గదిలో కైమోసిన్ ఉంటుంది, పాలు విరగ్గొట్టేది. అది ఇంకో తలనొప్పి. పెద్ద మేకనే ఎంచుకోండి.

పంది దొరికితే ఇంకా మంచిదని నా అభిప్రాయం. ఒకటే గది, సైజు పెద్దది. అన్నిటికన్నా ముఖ్యంగా పోల్చి చూసుకోడానికి పాత పని ఉంది: పంది జీర్ణాశయం నుంచి వేరుచేసిన ఈ ఎంజైమ్‌తో గాస్ట్రిన్, కొలిసిస్టోకైనిన్, సబ్‌స్టెన్స్ పీ వంటి పెప్టైడ్‌లు ఎలా తెగుతాయో 1988 నాటికే ప్రచురించారు. కప్ప చర్మంలో దొరికిన బాంబెసిన్‌కు క్షీరదాల్లో జోడీ అయిన జీఆర్‌పీ అనే పెప్టైడ్‌ను కూడా 1979లో పంది పొట్ట నుంచే తీశారు. మేకతోనే చేయాలని మీ డిపార్ట్‌మెంట్ పట్టుబడితే చేయండి, తప్పేం లేదు. కాకపోతే అందులో యాక్టివిటీ ఎంతుందో మీరే కొలిచి చూపాలి, పంది అంకెలు తెచ్చి అతికించకూడదు.

తీసిన వెంటనే లోపలి మేత ఖాళీ చేసి, చల్లని సెలైన్‌తో కడిగి, ఐసు మీద ల్యాబ్‌కు తేవాలి. బల్ల మీద పరిచి, గాజు స్లైడ్ అంచుతో మ్యూకోసాను, అంటే లోపలి జిగురు పొరను, గీకితే అడుగున కండర పొర తెల్లగా మిగులుతుంది. ఈ రెండింటినీ ఎప్పుడూ కలపకండి, విడివిడిగా అస్సే చేయండి. మీకు కావలసిన యాక్టివిటీ ఒక మిల్లీగ్రామ్ ప్రోటీన్‌కు ఏ పొరలో ఎక్కువుందో దాంతోనే మొదలుపెట్టండి. కండర పొర నార నారగా ఉండి గ్రైండ్ కావడానికి సతాయిస్తుంది గానీ ఓ పెద్ద సుఖం ఉంది: పెప్సినోజెన్ పీడ బాగా తక్కువ. మ్యూకోసాతో వచ్చే కష్టం జిగురు. పైపెట్ పైకెత్తితే బెండకాయ జిగురులా తీగ సాగుతుంది, కొలత సరిగా రాదు, తర్వాత కాలమ్ పైన పేరుకుపోయి ఫ్లో ఆగిపోతుంది. బఫర్ ఎక్కువ పోయడం, గ్రాముకు కనీసం 10 మి.లీ., నాలుగు మడతల గాజ్ గుడ్డలో (కట్టు కట్టే పల్చటి గుడ్డ) వడకట్టడం, మొదటి తక్కువ వేగం స్పిన్‌ను తొందరపడకుండా చేయడం, ఇవే మార్గాలు.

పెప్సిన్‌ను నిద్ర లేపకండి

పొట్టతో పనిచేసేవాళ్లు మిగతా అవయవాలవాళ్ల ప్రోటోకాల్‌ను యథాతథంగా దించుకుంటే ఎదురుదెబ్బ తగిలేది ఇక్కడే. మ్యూకోసాలో పెప్సినోజెన్ పెద్ద మొత్తంలో ఉంటుంది. పీహెచ్ 5 కంటే కిందికి జారిందంటే అది తనను తానే కోసుకుని పెప్సిన్‌గా మారుతుంది, మీ ఎంజైమ్‌తో సహా ఎదురైన ప్రోటీన్లన్నిటినీ నమలడం మొదలుపెడుతుంది. శుద్ధి పద్ధతుల్లో తరచూ కనిపించే 'పీహెచ్ 5కి దించి అనవసర ప్రోటీన్లను అవక్షేపించడం' అనే మెట్టు కిడ్నీకి పనికొస్తుంది, పొట్టకు పనికిరాదు. రెండో వైపు మీకు అనుకూలమైన సంగతి ఒకటుంది: పెప్సిన్ క్షారంలో చచ్చిపోతుంది, పెప్సినోజెన్ బతుకుతుంది. 1880ల్లోనే కేంబ్రిడ్జ్‌లో లాంగ్లీ ఈ తేడాను వాడుకునే గ్రంథుల్లో ఉన్నది పెప్సిన్ కాదు, దాని పూర్వరూపం అని చూపించాడు. మీరూ అదే వాడుకోండి. మొదటి కడుగు నుంచీ పీహెచ్ 7.5, 8 మధ్య ఉంచితే పొట్ట లోపల అప్పటికే తయారై ఉన్న పెప్సిన్ పోతుంది, మిగతాది నిద్రలోనే ఉంటుంది. బీమా కింద పెప్సిన్‌ను ఆపే పెప్‌స్టాటిన్ 1 మైక్రోమోలార్ వేయండి.

ట్రిస్ బఫర్‌తో జాగ్రత్త. డిగ్రీకి సుమారు 0.028 చొప్పున దాని పీహెచ్ మారుతుంది. 25 డిగ్రీల గదిలో 8.0కి సెట్ చేసి కోల్డ్ రూమ్‌లో 4 డిగ్రీలకు పెట్టారంటే అది 8.6 దాకా ఎక్కుతుంది. ఏ ఉష్ణోగ్రతలో వాడతారో ఆ ఉష్ణోగ్రతలోనే సెట్ చేయాలి.

ఇన్హిబిటర్ల విషయంలో ఇంకో ముఖ్యమైన సంగతి. నెప్రిలైసిన్ జింక్ ఎంజైమ్. బఫర్‌లో ఈడీటీఏ వేయకూడదు. బజారులో దొరికే ప్రోటియేజ్ ఇన్హిబిటర్ బిళ్లలు రెండు రకాలు, ఈడీటీఏ ఉన్నవి, లేనివి. మా దగ్గర ఒక విద్యార్థి ఉన్నవి వేసి, హోమోజెనేట్‌లో యాక్టివిటీ సున్నా చూసి, టిష్యూ పాతదని రెండుసార్లు కబేళా చుట్టూ తిరిగాడు. డబ్బా మీద సన్నక్షరాలు చదివాక విషయం తేలింది. డీటీటీ, మెర్కాప్టోఇథనాల్ కూడా జింక్‌ను పట్టుకుంటాయి, వాటినీ దూరం పెట్టండి. సెరీన్ ప్రోటియేజ్‌లను ఆపే పీఎమ్‌ఎస్‌ఎఫ్ వేయొచ్చు, కానీ నీళ్లలో అది నిలవదు; పీహెచ్ 8 దగ్గర గది వేడిలో అరగంట దాటేసరికి సగం పోతుంది. ఐసోప్రొపనాల్‌లో స్టాక్ చేసుకుని, గ్రైండ్ చేసే నిమిషంలో కలపాలి. పొట్ట గోడలో మాస్ట్ కణాలు ఉంటాయి, వాటిలో కైమేజ్ అనే సెరీన్ ప్రోటియేజ్ ఉంటుంది. సబ్‌స్టెన్స్ పీతో పనిచేసేటప్పుడు అది ఫినైల్‌అలనిన్‌ల మధ్య తెంచి నెప్రిలైసిన్‌లాగే నటిస్తుంది. పీఎమ్‌ఎస్‌ఎఫ్ అసలు ప్రయోజనం ఇక్కడ అదే.

పొరలను వేరు చేయడం

0.25 మోలార్ సుక్రోజ్, 50 మిల్లీమోలార్ ట్రిస్‌లో బ్లెండర్‌తో మొదలుపెట్టి, టెఫ్లాన్ రోకలి ఉన్న గాజు హోమోజెనైజర్‌తో పూర్తి చేయండి. 1,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పితే విరగని కణాలు, కేంద్రకాలు, నార కిందికి పోతాయి. మామూలుగా అయితే పైతేటను 1,00,000 జీ దగ్గర గంటసేపు తిప్పి పొరలను దించుతారు. మీకు అల్ట్రాసెంట్రిఫ్యూజ్ లేదు కాబట్టి, హై స్పీడ్ రెఫ్రిజిరేటెడ్ సెంట్రిఫ్యూజ్‌లో 40,000 జీ వస్తే రెండు గంటలు తిప్పండి. చిన్న చిన్న వెసికిల్స్ కొన్ని పైనే ఉండిపోతాయి, దిగుబడి తగ్గుతుంది, పని మాత్రం ఆగదు. పైతేటలో ఎంత మిగిలిపోయిందో కొలిచి రాస్తే పరీక్షకు వచ్చినవాళ్లు కూడా తప్పుపట్టలేరు.

వచ్చిన పెల్లెట్‌ను 0.5 మోలార్ పొటాషియం క్లోరైడ్ ఉన్న బఫర్‌లో కలిపి మళ్లీ తిప్పండి. పొరకు పైపైన అంటుకున్నవి, ఇరుక్కుపోయిన పెప్సినోజెన్, సైటోసాల్ ఎంజైమ్‌లు ఊడిపోతాయి. ఈ ఒక్క కడుగుతోనే డైపెప్టిడిల్ పెప్టిడేజ్-3 బెడద చాలావరకు వదులుతుంది. మీ మూడు పీక్‌లలో ఒకటి ఇక్కడే మాయమవుతుందని నా అంచనా.

తర్వాత డిటర్జెంట్. ట్రైటన్ ఎక్స్-100 ఒక శాతం, ప్రోటీన్ మి.లీ.కి 2 నుంచి 5 మి.గ్రా. మధ్య, ఐసు మీద మెల్లగా కలుపుతూ గంట. మళ్లీ అదే వేగంలో తిప్పాక పైతేటలో ఉన్నదే కరిగినట్టు లెక్క. కిందికి దిగితే కరగనట్టే. ట్రైటన్ చవక, పని బాగా చేస్తుంది, కానీ దాంతో మూడు చిక్కులున్నాయి. ఒకటి, అది 280 నానోమీటర్ల దగ్గర తానే శోషిస్తుంది, కాబట్టి కాలమ్‌లో ప్రోటీన్ పీక్‌ను యూవీతో చూడలేరు. రెండు, ప్రోటీన్ కొలిచే బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతిలో రంగును పాడుచేస్తుంది. ప్రోటీన్ కొలతకు బీసీఏ పద్ధతి వాడండి, స్టాండర్డ్‌లోనూ అంతే ట్రైటన్ కలపండి. మూడు, దాని మైసెల్ (డిటర్జెంట్ అణువుల గుత్తి) పెద్దది, సుమారు 90 కిలోడాల్టన్లు, డయాలిసిస్ చేసినా సంచీలోంచి పోదు. చివర్లో డిటర్జెంట్ తీసేయాలనుకుంటే ఆక్టైల్ గ్లూకోసైడ్‌కు మారండి, అది డయాలిసిస్‌లో పోతుంది, కాకపోతే ఖరీదు.

అమోనియం సల్ఫేట్ గురించి. మీరు డిటర్జెంట్ వేసిన శాంపిల్‌కు అది వేశారంటే విచిత్రం చూస్తారు: అవక్షేపం కిందికి దిగకుండా ట్యూబ్ పైన జిడ్డు పొరలా తేలుతుంది. ట్రైటన్ ఉప్పుకు విడిపోయి పైకి తేలుతూ పొర ప్రోటీన్లను వెంట తీసుకుపోవడమే కారణం. కంగారుపడి పైది పారబోసేవాళ్లున్నారు. నా సలహా, ఈ ఎంజైమ్‌కు అమోనియం సల్ఫేట్ మెట్టు మొత్తం వదిలేయండి.

కాలమ్‌లు

డీఈఏఈ ముందు పెట్టుకోవచ్చు. 20 మిల్లీమోలార్ ట్రిస్, 0.1 శాతం ట్రైటన్, సున్నా నుంచి 0.5 మోలార్ ఉప్పు గ్రేడియంట్. దీని తర్వాత అసలైన మెట్టు కాన్‌కనావలిన్-ఏ లెక్టిన్ కాలమ్. నెప్రిలైసిన్‌కు చక్కెర గొలుసులు ఉంటాయి, లెక్టిన్ వాటిని పట్టుకుంటుంది. బఫర్‌లో కాల్షియం, మాంగనీస్ ఒక్కో మిల్లీమోలార్ ఉండాలి. ఈడీటీఏ వద్దనడానికి ఇది ఇంకో కారణం. ఆల్ఫా-మిథైల్ మాన్నొసైడ్ 0.3 మోలార్ దాకా పోసి దించండి. అది సులువుగా దిగదు. చక్కెర ద్రావణంతో కాలమ్‌ను నింపి, ఫ్లో ఆపి, రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ మొదలుపెడితే దిగుబడి బాగా పెరుగుతుంది.

లెక్టిన్ కాలమ్ తర్వాత జెల్ మీద 25 కిలోడాల్టన్ల ప్రాంతంలో కొత్త బ్యాండ్ కనిపిస్తే అది మేకదీ కాదు, పందిదీ కాదు. కాలమ్ నుంచి ఊడిన కాన్‌కనావలిన్ ఉపభాగం. 'తక్కువ బరువున్న కొత్త రూపం' అని థీసిస్‌లో రాయబోయిన వాళ్లను నేను ఆపాను. ఎంజైమ్ వేయకుండా కాలమ్ కడుగు నీళ్లను పక్క లేన్‌లో వేసి చూడండి, తెలిసిపోతుంది.

నెప్రిలైసిన్ ఎస్‌డీఎస్ జెల్ మీద సుమారు 90 నుంచి 100 కిలోడాల్టన్ల దగ్గర, చక్కెరల వల్ల కాస్త వెడల్పుగా, మసకగా పరుగెత్తుతుంది. అమైనోపెప్టిడేజ్-ఎన్ దాదాపు 150 దగ్గర, ఏసీఈ దానికంటే పైన. అమైనోపెప్టిడేజ్-ఎన్ కూడా చక్కెరలున్న పొర ఎంజైమే, డీఈఏఈ మీద దగ్గరలోనే దిగొచ్చు, లెక్టిన్ మీదా అంటుకుంటుంది. దాన్ని వదిలించుకోడానికి హైడ్రాక్సీఅపటైట్ లేదా జెల్ ఫిల్ట్రేషన్ ఒకటి పెట్టుకోక తప్పదు. జెల్ ఫిల్ట్రేషన్‌తో బరువు చెప్పేటప్పుడు మైసెల్ బరువు కలిసిందని గుర్తుంచుకోండి. 250 వచ్చిందని డైమర్ అనో ట్రైమర్ అనో తీర్మానించకూడదు.

రోజువారీ ఫ్రాక్షన్లు చూడటానికి ప్రతిదానికీ హెచ్‌పీఎల్‌సీ అక్కర్లేదు. డాన్సిల్-డీ-అలనిన్-గ్లైసిన్-నైట్రోఫినైల్‌అలనిన్-గ్లైసిన్ అనే సబ్‌స్ట్రేట్ ఉంది; గ్లైసిన్-నైట్రోఫినైల్‌అలనిన్ బంధం తెగితే ఫ్లోరెసెన్స్ పెరుగుతుంది. మొదట డీ-రూపం ఉండటం వల్ల అమైనోపెప్టిడేజ్‌లు ముట్టుకోలేవు. రెండోది సక్సినైల్-అలా-అలా-ఫే-ఏఎమ్‌సీ. ఇది రెండంచెల పద్ధతి: నెప్రిలైసిన్ ముందు తెంచుతుంది, మిగిలిన ఫే-ఏఎమ్‌సీని మీరు కలిపే అమైనోపెప్టిడేజ్ విడగొట్టి వెలుగు తెస్తుంది. ఇందులో బెస్టాటిన్ వేశారో, రెండో అంచె చచ్చిపోతుంది, ఎంజైమ్ లేదనుకుంటారు. కైమేజ్ ఈ సబ్‌స్ట్రేట్‌ను నేరుగానే తెంచగలదు కాబట్టి ఫాస్ఫొరమిడాన్ బ్లాంక్ ప్రతిసారీ పెట్టాల్సిందే.

దిగుబడి 100 శాతం దాటితే

శుద్ధి పట్టికలో రెండో మెట్టు దగ్గర దిగుబడి 140 శాతం అని వస్తే చాలామంది సిగ్గుపడి అంకె దిద్దుతారు. దిద్దకండి, కారణం వెతకండి. మీరు టైరోసిన్-గ్లైసిన్-గ్లైసిన్‌ను కొలుస్తుంటే, హోమోజెనేట్‌లో అది పుట్టగానే అమైనోపెప్టిడేజ్‌లు దాన్నీ తినేస్తాయి. కాబట్టి మొదటి అంకె తక్కువగా పడుతుంది, శుద్ధి అయ్యేకొద్దీ పెరిగినట్టు కనిపిస్తుంది. సబ్‌స్ట్రేట్ తగ్గుదలను కొలుస్తుంటే దీనికి వ్యతిరేకం: మొదట్లో నలుగురి పనీ కలిసి ఎక్కువగా పడి, తర్వాత ఒక్కసారిగా కుప్పకూలుతుంది. మీ ప్రశ్నలో 'హోమోజెనేట్‌లో యాక్టివిటీ బ్రహ్మాండం' అన్నది ఈ రెండోది. బెస్టాటిన్ కలిపి కొలిస్తే రెండు తప్పులూ చాలావరకు సర్దుకుంటాయి.

పట్టిక ఎలా చదవాలో ఊహాజనిత అంకెలతో చూపిస్తాను. హోమోజెనేట్‌లో 2,000 మి.గ్రా. ప్రోటీన్, 40 యూనిట్లు ఉంటే మి.గ్రా.కు 0.02 యూనిట్. చివర్లో 0.4 మి.గ్రా. ప్రోటీన్, 6 యూనిట్లు మిగిలితే మి.గ్రా.కు 15. అంటే 750 రెట్లు శుద్ధి, దిగుబడి 15 శాతం. పొర ఎంజైమ్‌కు ఈ మాదిరి దిగుబడి చూసి ఎవరూ ముక్కు విరవరు. శుద్ధి పదీ పదిహేను రెట్ల దగ్గరే ఆగి ఒకటే బ్యాండ్ కనిపిస్తే మాత్రం అనుమానించండి. పెప్టిడేజ్‌లు టిష్యూలో అంత ఎక్కువగా ఉండవు; ఆ బ్యాండ్ ఇంకేదో ప్రోటీన్ అయ్యుంటుంది.

ఇది నెప్రిలైసినే అని ఎలా రుజువు చేయాలి

ఈడీటీఏ లేదా ఆర్థో-ఫినాంత్రోలిన్‌కు ఆగింది, జింక్ వేస్తే తిరిగొచ్చింది, అది చాలదు. అమైనోపెప్టిడేజ్-ఎన్, ఏసీఈ కూడా జింక్‌వే. కావలసినవి ఇవి: ఫాస్ఫొరమిడాన్ నానోమోలార్ మోతాదుల్లోనే సగం ఆపాలి, కాప్టోప్రిల్, బెస్టాటిన్, పెప్‌స్టాటిన్ ముట్టుకోకూడదు, తెగిన చోటు సరిపోవాలి. సబ్‌స్టెన్స్ పీ ఇందుకు మంచి సాక్షి. 11 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో నెప్రిలైసిన్ మూడు చోట్ల తెంచుతుంది: 6-7, 7-8, 9-10 బంధాలు, అన్నీ ఫినైల్‌అలనిన్ లేదా ల్యూసిన్‌కు ముందే. ముక్కలను మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపితే ఒక్క రోజులో తేలిపోతుంది. రోగనిర్ధారణ ల్యాబ్‌లలో సీడీ-10 అని పిలిచేది ఈ ప్రోటీన్‌నే కాబట్టి యాంటీబాడీతో బ్లాట్ చేయొచ్చు. మనిషి ప్రోటీన్ మీద తయారైన యాంటీబాడీ మేకను గుర్తిస్తుందన్న హామీ లేదు, కిడ్నీ శాంపిల్‌ను పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టుకోండి. ఈ ఎంజైమ్‌ను 1974లో మొదట తీసిందే కుందేలు కిడ్నీ నుంచి, అక్కడ అది దండిగా ఉంటుంది.

ఇంకో చవకైన పరీక్ష: ఇది చిన్న పెప్టైడ్‌లనే తెంచుతుంది, పెద్ద ప్రోటీన్లను దాదాపు ముట్టుకోదు. కేసీన్, హీమోగ్లోబిన్ మీద యాక్టివిటీ కనిపించిందంటే ఇంకెవరో లోపల ఉన్నట్టే.

కేఎం, పీహెచ్ సంగతి ఇక తేలిక. సబ్‌స్ట్రేట్‌లో 10 శాతం కంటే ఎక్కువ ఖర్చు కాకముందే కొలవండి. ఎన్‌కెఫలిన్‌కు కేఎం పదుల మైక్రోమోలార్ స్థాయిలో ఉంటుందనుకుని దానికి ఐదో వంతు నుంచి ఐదు రెట్ల దాకా గాఢతలు తీసుకోండి. లైన్‌వీవర్-బర్క్ గీత చూడటానికి బాగుంటుంది, అంకె కోసం మాత్రం వక్రరేఖకే ఫిట్ చేయండి. పీహెచ్ ఆప్టిమమ్ 7కు అటూ ఇటూ రావాలి. 2 దగ్గర ఇంకో శిఖరం లేస్తే అది పెప్సిన్, మీ కడుగులు చాలలేదు. ఒక్కో పీహెచ్‌లో అరగంట ఉంచి, మళ్లీ 7కు తెచ్చి కూడా కొలవండి, లేకపోతే ఎంజైమ్ మెల్లగా పనిచేస్తోందో, చచ్చిపోతోందో తేడా తెలియదు. మిశ్రమం మీద తీసిన కేఎంకు అర్థం లేదని మీ గైడ్ గారికి హెచ్‌పీఎల్‌సీ చార్టు చూపించి చెప్పండి, వింటారు.

చివరగా, ప్రాజెక్టు గడువు రెండు మూడు నెలలే ఉంటే ఎంజైమ్‌ను మార్చుకోమంటాను. టాపిక్ 'పొట్టలోని పెప్టిడేజ్' అని మాత్రమే ఉంటే పెప్సినోజెన్ తీసుకోండి. అబోమేసమ్ మ్యూకోసాలో కావలసినంత ఉంటుంది, నీళ్లలో కరుగుతుంది, డిటర్జెంట్ గొడవ లేదు, అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు. పీహెచ్ 8 దగ్గర తీసి, అమోనియం సల్ఫేట్, డీఈఏఈ, జెల్ ఫిల్ట్రేషన్. సుమారు 40 కిలోడాల్టన్ల బ్యాండ్ వస్తుంది. పీహెచ్ 2కు దించితే అది 35 దగ్గరికి జారడం అదే జెల్ మీద పక్కపక్క లేన్‌లలో చూపించొచ్చు. హీమోగ్లోబిన్‌తో అస్సే, టీసీఏతో (ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం) ఆపడం, 280 దగ్గర రీడింగ్, పెప్‌స్టాటిన్‌తో ఆగడం. రసాయనాల ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. ఒకటే బ్యాండ్‌గా కనిపించాల్సినది రెండు మూడు దగ్గర దగ్గర బ్యాండ్లుగా వస్తే కంగారు వద్దు: పెప్సినోజెన్‌కు ఒకే జంతువులో పలు రూపాలుంటాయి, డీఈఏఈ గ్రేడియంట్‌ను నెమ్మదిగా నడిపితే అవి విడిపోతాయి.